ఒంటి లైను, ఇద్దరు మాస్టర్లు

స్టేషను మాస్టరు గది,
చివరి నుంచి రెండో స్టేషను.

వదినకు,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన దుప్పట్ల మూటలు చూసి మా పోర్టరు "పార్సిల్ ఆఫీసు ఇక్కడ లేదమ్మా, జంక్షనులో ఉంది" అన్నాడు. అది నా సామానేననీ, నేనే కొత్త మాస్టరుననీ ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

దేశమంతా అల్లుకున్న రైల్వేలో మా ఆడపడుచు మాస్టరు అని వీధంతా టముకు వేశావుగా, విను. ఆ రైల్వేలో నా వాటా ఒక గది, ఒక బెంచీ, నీళ్ళు రాని పంపు, ప్లాట్‌ఫారం మీద నీడ కోసం వచ్చే మేకలు. పొద్దున ఒక పాసింజరు చివరి స్టేషనుకు వెళ్తుంది, అక్కడ కాసేపు ఆగి తిరిగొస్తుంది. ఆ పక్కనున్న క్వారీ నుంచి రాళ్ళ బండ్లు వస్తాయి. పొద్దు వాలితే లైను మూసేసి ఎవరింటికి వాళ్ళం.

పని మాత్రం భలే ఉంది. నా టేబులు పక్కన ఎర్ర రంగు ఇనప పెట్టె ఒకటుంది, దాన్నిండా ఇనప గుండ్లు. దీని జంట పెట్టె చివరి స్టేషనులో ఉంది. అక్కడి మాస్టరు సరేనని తన వైపు మీట నొక్కితేనే నా పెట్టెలోంచి గుండు బయటికొస్తుంది. ఆ గుండు చేతికిస్తేనే డ్రైవరు బండి కదుపుతాడు. ఒకటి బయట ఉన్నంతసేపూ రెండోది చచ్చినా రాదు. ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురెదురు రాకుండా అదీ కట్టుదిట్టం. ఇంజను నడిపే అన్నయ్యను అడిగితే అరపూట పాఠం చెప్తాడు, అడక్కు.

చివరి స్టేషను ఆయన మంచివాడిలా ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఫోను ఉంది. మొదటి రోజు నేను తడబడితే ఆయన విసుక్కోలేదు. "కంగారేం లేదు, బండి మనల్ని వదిలి వెళ్ళలేదు కదా" అన్నాడు. ఆయన గొంతు తాపీగా, స్పష్టంగా ఉంటుంది. పెట్టెకు పొద్దున్నే ఒక గుద్దు గుద్దితే రోజంతా మొరాయించదని కూడా ఆయనే చెప్పాడు.

ఉంటాను. మేకలు టికెట్లు తినకుండా చూసుకోవాలి.

నీ మాస్టరమ్మ


చరిత్ర విభాగం, మూడో అంతస్తు,
ప్రధాన కార్యాలయం.

మహారాజశ్రీ మాస్టరమ్మగారికి,

ఉత్తరం అందింది. అందులో దుప్పట్లు ఒక పేరా, మేకలు ఒక ముక్క, "ఆయన" మాత్రం అడుగడుగునా. మీ అన్నయ్య లెక్కపెట్టబోతే నేనే ఉత్తరం లాక్కున్నాను.

నా సంగతి విను. రైల్వే చరిత్ర పుస్తకం పని నా నెత్తిన పడింది. మా ఆఫీసు పెద్దాయనకు అంకెలంటే ప్రాణం. దేశంలో ఉన్న పట్టాలన్నీ వరసగా పరిస్తే భూమి చుట్టూ చుట్టి ఇంకా మిగుల్తాయట. ఒక్కరోజు మన బండ్లెక్కే జనం కొన్ని దేశాల మొత్తం జనాభా కంటే ఎక్కువట. అంతమందిని రోజూ మోసే సంస్థ నా కుర్చీ మీదికి ఒక ఫ్యాను మొయ్యలేకపోయింది.

నాకు అంకెలకంటే మనుషుల కథలే ఇష్టం. మొదట్లో ఇదంతా ఒక్క రైల్వే కాదు తెలుసా? కంపెనీకో లైను. ఒకరి పట్టాల వెడల్పు ఇంకొకరికి సరిపోదు, ఒకరి గడియారం ఇంకొకరిది ఒప్పుకోదు. రెండు కంపెనీలు కలిసే స్టేషనులో ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు గడియారాలుండేవి. పాపం ఒక పెద్దమనిషి ఈ గడియారం ప్రకారం ముందే వచ్చి, ఆ గడియారం ప్రకారం బండి తప్పిపోయి, రెండింటి మధ్యా నిలబడి రెండు కంపెనీలనూ కలిపి తిట్టాడట.

ఇంకోటి నీకు పనికొస్తుంది. నీ ఇనప గుండ్లు రాకముందు ఒంటి లైనుకు ఒక మనిషిని పెట్టేవాళ్ళు. చేతికి ఎర్ర పట్టీ. అతను ఇంజనులో ఉంటేనే బండి కదలాలి, ఎందుకంటే ఒకే మనిషి రెండుచోట్ల ఉండలేడు. ఒకచోట ఆ మనిషికి పెళ్ళి కుదిరింది. పెళ్ళయ్యేదాకా లైను మొత్తం నిలిచిపోయింది. చుట్టుపక్కల స్టేషన్ల వాళ్ళందరూ గత్యంతరం లేక పెళ్ళికే వెళ్ళారు. పెద్దాయన ఈ కథ కొట్టేశాడు. మళ్ళీ రాశాను.

ఇంతకీ ఆ చివరి ఆయన వయసెంత? చూడ్డానికి ఎలా ఉంటాడు? చరిత్ర కోసం అడుగుతున్నాను.

నీ వదిన


చివరి నుంచి రెండో స్టేషను.

వదినా,

చరిత్ర కోసమా! నీ సంగతి నాకు తెలీదూ.

ఆయన ఎలా ఉంటాడో నాకూ తెలీదు. నవ్వకు. ఇక్కడ మా ఇద్దరికీ కలిపి సెలవిచ్చే మాస్టరు ఒక్కడే. రెస్టు మాస్టారంటాం. ఆయన నా కుర్చీలో కూర్చున్న రోజు చివరి ఆయన డ్యూటీలో ఉంటాడు. అక్కడ కూర్చున్న రోజు నేను డ్యూటీ. ఇంత పెద్ద రైల్వేలో మా ఇద్దరికీ ఒకే రోజు సెలవివ్వడానికి రెండో మనిషి లేడు. అందుకని ఎప్పుడూ ఫోనులోనే.

బండికీ బండికీ మధ్య బోలెడంత ఖాళీ. క్వారీ దుమ్ము గురించి, చదివిన పుస్తకాల గురించి, చిన్నప్పుడు వాళ్ళమ్మ రైలు చూపించి అన్నం తినిపించడం గురించి చెప్తాడు. నేను నీ గురించి చెప్తాను. భయపడకు, మంచిగానే.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను, కూర్చుని చదువు.

మా టేబులు మీద రెండు ఫోన్లుంటాయి. నల్లది ఆయనకీ నాకూ మాత్రమే. బూడిద రంగుది లైను మీది బండ్లన్నిటినీ నడిపించే కంట్రోలుది. దాని మీద కంట్రోలరుతో పాటు లైను మీదున్న స్టేషన్లన్నీ వింటుంటాయి. మొన్న కంట్రోలులో రాళ్ళ బండి సంగతి మాట్లాడాక ఆయన ఫోను మార్చడం మర్చిపోయాడు. నల్లదే చేతిలో ఉందనుకుని, "ఒక మాట అడగాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే మనం పెళ్ళి చేసుకుందాం" అన్నాడు. గుక్క తిప్పుకోకుండా, చక్కగా.

లైను మీద ఎవరో దగ్గారు. జంక్షను నుంచి ఒక పెద్దావిడ గొంతు, "అమ్మాయీ, మనిషి మంచివాడే, ఆలోచించుకో" అంది. ఆఖరికి కంట్రోలరు, "పెళ్ళి మాటలు నల్ల ఫోనులో మాట్లాడుకోండి. ముందు ఆ రాళ్ళ బండిని కదపండి, నా బుర్ర తినకుండా" అన్నాడు.

నాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. ఇప్పుడు గుండు అందుకునే ప్రతి డ్రైవరూ ముసిముసి నవ్వులే. నేనింకా జవాబు చెప్పలేదు. కానీ, నీ దగ్గర దాపరికమెందుకు, కోపం మాత్రం రాలేదు.

నీ మరదలు


చరిత్ర విభాగం, మూడో అంతస్తు.

అమ్మ దొంగా!

మీ అన్నయ్య ఈ ఉత్తరం చదివి, "ఏ బండికి ఎంత ఆలస్యమైంది?" అని అడిగాడు. డ్రైవరు బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు.

రెస్టు మాస్టారి వంక మాత్రం నాకు చెప్పకు. నీ సెలవు రోజున నువ్వే పాసింజరెక్కి చివరి స్టేషనుకు వెళ్ళొచ్చుగా? ఆయన సెలవు రోజున టౌనుకు వెళ్ళాలంటే నీ స్టేషను మీదుగానేగా రావాలి? ప్లాట్‌ఫారం మీద గుండు పట్టుకుని నువ్వే నిలబడి ఉంటావుగా? మీరిద్దరూ ఒకరినొకరు చూడకపోవడానికి రైల్వే కారణం కాదు తల్లీ.

సరదా పక్కనపెట్టి ఒక మాట. మా అంతస్తు మీదుగా ఒక ఉత్తర్వు వెళ్ళింది. నీ లైనులో ఇనప గుండ్లు తీసేస్తున్నారు. కొత్త యంత్రాలు పెట్టి జంక్షనులో ఒక్కడు కూర్చుని అన్నీ నడుపుతాడు. మీ రెండు స్టేషన్లలోనూ మాస్టర్లుండరు. మిమ్మల్ని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపుతారు. నువ్వు ఉత్తరాన, ఆయన దక్షిణాన పడినా దిక్కులేదు.

భార్యాభర్తలైతే ఒకేచోట వేస్తారు. కానీ బదిలీల జాబితా తయారు కాకముందే, పెళ్ళి కుదిరిందని ఇద్దరూ రాసివ్వాలి. మేం ఆ పని ఆలస్యంగా చేశాం. పెళ్ళయిన కొత్తలో మీ అన్నయ్య దేశానికి ఆ కొసన, నేను ఈ కొసన. కాపురం సగం ప్లాట్‌ఫారాల మీదే జరిగింది. బండి కదులుతుంటే కిటికీలోంచి గొడవపడి, మళ్ళీ బండి వచ్చేదాకా ఆ కోపం మోసేదాన్ని. ఈ దేశం ఎంత పొడుగో నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

కాబట్టి తేల్చుకో. అవునంటే అవును, కాదంటే కాదు. నాన్చావంటే మాత్రం జాబితా నీ కోసం ఆగదు. అంతకంటే ముందు మనిషిని కళ్ళతో చూడు.

నీ వదిన


చివరి నుంచి రెండో స్టేషను.

వదినా,

నీకో సంగతి చెప్పలేదు. నువ్వు అడగకముందే నేను వెళ్ళొచ్చాను.

నా సెలవు రోజున పాసింజరెక్కాను. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకున్నాను. చివరి స్టేషనులో దిగితే అక్కడి పోర్టరు, "మాస్టరుగారు ఇప్పుడే సిగ్నలు దగ్గరికి వెళ్ళారమ్మా" అన్నాడు. బండి తిరిగి బయల్దేరేదాకా కూర్చున్నాను. ఎంతసేపటికీ రాలేదు. గుండు కూడా పోర్టరే తెచ్చి డ్రైవరుకిచ్చాడు. దూరంగా సిగ్నలు పక్కన తుమ్మచెట్టు వెనకాల తెల్ల చొక్కా కనిపించింది. సిగ్నలుకు అంతసేపు చెయ్యాల్సిన పని లేదని నాకు తెలుసు వదినా, నేనూ మాస్టరునే.

ఇంకోటి కూడా ఉంది. ఆయన సెలవు రోజుల్లో గార్డు పెట్టెలో కూర్చుని నా స్టేషను దాటి వెళ్తాడట. గార్డు నోరు జారాడు. ఒక్కసారీ తల బయటపెట్టలేదు.

మర్నాడు నల్ల ఫోనులో, "నిన్న వచ్చారట కదా, సిగ్నలు దీపం పాడైంది" అన్నాడు. నేను "అలాగా" అన్నాను. అంతే.

పెళ్ళి చేసుకుందామనే మనిషి చెట్టు వెనక దాక్కోవడం ఏమిటి? నాకు ఏడుపొచ్చింది. మేకలు తప్ప ఎవరూ చూడలేదులే.

మరదలు


చరిత్ర విభాగం.

ఏమే,

తిట్టకుండా చదువు. నేను వెళ్ళి చూసొచ్చాను.

ఒంటి లైన్ల అధ్యాయానికి సమాచారం కావాలని పెద్దాయన దగ్గర కాగితం రాయించుకున్నాను. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన మనిషిని చూసి ఏ మాస్టరూ చెట్టు వెనక దాక్కోలేడుగా. నీ స్టేషనులో బండి ఆగినప్పుడు పేపరు అడ్డం పెట్టుకున్నాను. చిక్కిపోయావు.

నీ చివరి ఆయన పర్సనాలిటీకి ఏ లోటూ లేదు. గది అద్దంలా పెట్టుకున్నాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. ఆ తర్వాత నేనేం అడిగినా తలూపుతాడు, లేకపోతే కిటికీ వైపు తిరిగి నిలబడతాడు. ఈ స్టేషను ఎప్పుడు కట్టారని అడిగాను. గోడ మీద చెక్కిన సంవత్సరం వేలితో చూపించాడు. మా మరదలితో బాగా మాట్లాడతారట కదా అన్నాను. మొహం ఎర్రబడింది, పెదవులు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. వీపు చూపించి నిలబడ్డాడు. నేను ఇన్నేళ్ళలో ఇంత పొగరు చూడలేదు. నేనేమన్నా ఆయన ఆస్తి అడిగానా?

నా మాట విని వదిలెయ్యి. ఫోనులో తియ్యగా మాట్లాడి ఎదురుపడితే వీపు చూపించేవాడితో కాపురమేం చేస్తావు? జాబితా వచ్చే నెల తయారవుతుంది. నిన్ను మా దగ్గర్లోకి వేయించడానికి పెద్దాయన కాళ్ళయినా పట్టుకుంటాను.

నీ వదిన


చివరి నుంచి రెండో స్టేషను.

వదినగారికి,

నా పెళ్ళికొడుకును నాకంటే ముందు నువ్వు చూసొచ్చావు. పేపరు అడ్డం పెట్టుకుని! ఆ పేపరు తలకిందులుగా పట్టుకున్నావని మా పోర్టరు ఆ రోజే చెప్పాడు. ఎవరో పిచ్చావిడ అనుకున్నాం.

మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. నువ్వు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆయన ఫోనులో పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. "బండికి దారి ఇస్తారా?" "ఇచ్చాను." అంతే. ఆఖరికి నేనే అడిగేశాను. మా వదిన మీకు పొగరంది, నేను కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు, ఏదన్నా ఉంటే మీరే ఇవ్వండి అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఆయనకు నత్తి వదినా. చిన్నప్పటి నుంచీ. ఎదుటి మనిషి తన నోటి వంక చూస్తే మొదటి మాట దగ్గరే ఇరుక్కుపోతుందట. చిన్నప్పుడు క్లాసంతా నవ్వేదట. ఇప్పుడు నవ్వరు, జాలిపడి మాట అందిస్తారట. అదే ఇంకా కష్టమట. ఫోనులో ఎవరూ మొహం చూడరు కాబట్టి సాఫీగా వస్తుంది. అందుకే ఏరికోరి ఈ చివరి స్టేషను అడిగి వేయించుకున్నాడు.

"మీ వదినగారికి స్టేషను గురించి చాలా చెప్పాలనుకున్నాను, ఒక్క ముక్కా రాలేదు. మీరు వచ్చిన రోజు కూడా అంతే. మీకు నచ్చింది నా గొంతు. ఎదురుపడితే అది నా దగ్గర ఉండదు" అన్నాడు.

నేను ఏం చెప్పానో రాయను. అసలు ఏం చెప్పలేదు, బండి వచ్చింది.

ఇప్పుడు నాకు నిజంగా భయంగా ఉంది. నత్తికి కాదు. చూశాక నా మొహంలో జాలి కనిపిస్తుందేమోనని. అది కనిపిస్తే ఆయన మళ్ళీ ఏ కొసకో వెళ్ళిపోతాడు, ఈసారి వెతకడానికి వీల్లేనంత దూరం.

నీ మరదలు


చరిత్ర విభాగం.

నా బంగారు తల్లీ,

ఆ మనిషిని నిలబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేశాను. పైగా పొగరని రాశాను. సిగ్గుగా ఉంది, అంతకంటే ఏం చెప్పను.

మీ అన్నయ్యకు చెప్తే, "ఆ అబ్బాయి నీతో మాట్లాడలేకపోవడం వింతేముంది, నేనూ మాట్లాడలేను" అన్నాడు. వెంటనే కూర వడ్డించడం ఆపాను.

పని మాట విను. యంత్రాలు మార్చే రోజు ఖాయమైంది. ఆ రోజు మీ లైనులో ఒక్క బండీ నడవదు. రెండు స్టేషన్లలోనూ పనివాళ్ళుంటారు, మాస్టర్లకు పనుండదు. ఇద్దరికీ ఒకేసారి ఖాళీ దొరికేది ఆ ఒక్కరోజే. జాబితా ఆ మర్నాడు పైకి వెళ్తుంది. నిన్ను ఇటు వెళ్ళమనీ చెప్పను, అటు వెళ్ళమనీ చెప్పను. ఒకసారి చెప్పి చూశానుగా. నువ్వు ఏం రాసినా దాన్ని నా చేతుల మీదుగా జాబితావాళ్ళకు అందిస్తాను.

వదిన


చివరి నుంచి రెండో స్టేషను.

వదినా,

ఇది గార్డు చేతికిచ్చి పంపుతున్నాను. అందగానే చదువు. లోపల జాబితావాళ్ళకు ఇవ్వాల్సిన కాగితం ఉంది, ఉత్తరం అయ్యాకే విప్పు.

ముందురోజు సాయంత్రం నల్ల ఫోనులో ఆయనే అడిగాడు. "రేపు లైను ఖాళీ. నేను పట్టాల వెంట నడిచొస్తాను. మీరూ నడిస్తే వంతెన దగ్గర కలుస్తాం." సరేనన్నాను.

పొద్దున ఎర్ర పెట్టెను పనివాళ్ళు విప్పుతుంటే బయల్దేరాను. పట్టాల కింది స్లీపర్లకు తగ్గట్టు అడుగులేస్తే కాళ్ళు పీకుతాయి, పక్కన కంకర మీద నడిస్తే చెప్పులు తెగుతాయి. ఈ లైను మీద రెండు బండ్లు ఎదురెదురు రాకుండా చూడటమే మా ఇద్దరి ఉద్యోగం. ఇప్పుడు మేమే అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు వస్తున్నాం అనుకుంటే నవ్వొచ్చింది. భయంతో కూడా నవ్వొస్తుందని నాకు తెలీదు.

ఆయన ముందే వచ్చేశాడు. వంతెన గోడ మీద అటు తిరిగి కూర్చున్నాడు. ముందు కనిపించింది చెవులు. కొంచెం పెద్దవే. నేను దగ్గరికి వెళ్ళి, "మీరు అలాగే ఉండండి, నేను ఇటు తిరిగి కూర్చుంటాను" అని, వీపుకు వీపు ఆనీ ఆనకుండా కూర్చున్నాను. అంతే, మాటలు మొదలయ్యాయి. నల్ల ఫోనులో ఉన్నట్టే. క్వారీ దుమ్ము, కొత్త యంత్రాలు, మా అన్నయ్యకు కూర దొరికిందా లేదా, అన్నీ. నీ పేపరు సంగతి చెప్తే ఆయన నవ్వు నా వీపుకు తెలిసింది. నీ మీద కోపం లేదట. కట్టిన సంవత్సరమే కాదు, కట్టిన మేస్త్రీ కథ కూడా ఉందట, రాసి పంపుతానన్నాడు.

ఎండ ఎక్కింది. ఇలాగే వెనక్కి వెళ్ళిపోతే ఇద్దరం హాయిగానే వెళ్ళేవాళ్ళం. కానీ నేనే అన్నాను. "ఆ రోజు మీరడిగింది లైనంతా విన్నారు. నన్నొక్కదాన్నే అడగలేదు. ఎదురుగా అడగండి." ఆయన లేచి, ఇటు వచ్చి, నా ముందు నిలబడ్డాడు. నేను ఆయన మొహమే చూశాను. నువ్వు చెప్పావు గానీ, సరిగ్గా చెప్పలేదు. చాలా బాగుంది వదినా ఆ మొహం.

మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. మెడ బిగుసుకుంది, కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగింది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. లైను మీదున్న పోర్టర్లందరికీ తెలుసు. నా నాలుక చివరిదాకా వచ్చింది. అందించలేదు. తల తిప్పుకోలేదు కూడా. బండి ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద ఎలా నిలబడతామో, వస్తుందని తెలిసి, అలాగే ఉన్నాను. ఆయన కళ్ళు తెరిచి చూసినప్పుడు నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలీదు. జాలి మాత్రం కాదు, ఎందుకంటే ఆయన చూపు తిప్పుకోలేదు.

ముక్కలు ముక్కలుగా, ఒక్కొక్కటీ బయటికి లాగి, మొత్తం మాట అడిగాడు. ఒక్క అక్షరం వదల్లేదు.

పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు సరే అందామనుకున్నాను. తీరా చూస్తే నాకే మాట రాలేదు. ఆయన ఆగాడు.

నీ మరదలు